హెదర్ పూలూ, మార్మాటూ, రెండు పట్టుచీరలూ

ఆ శనివారానికి విజయశ్రీ వేసుకున్న పథకంలో మనుషులు లేరు. తెల్లవారకముందే తాముంటున్న అమెరికా ఊరు బాథెల్ నుంచి బయలుదేరి, ఎండ ముదిరేలోగా కాస్కేడ్ కొండల మీది పచ్చిక చేరి, విరగబూసిన హెదర్ పొదల మధ్య ఒక మార్మాట్‌ను ఫొటో తీయాలి. మార్మాట్ అంటే పిల్లికన్నా పెద్దదిగా ఒళ్ళు చేసిన కొండ ఉడుత. ఆగస్టు దాటితే ఆ గులాబీరంగు పూలుండవు, కొన్నాళ్ళకు మార్మాట్ కూడా చలికాలమంతా నిద్రకు పోతుంది. పైగా ఊరి లైబ్రరీలో పెట్టే ఫొటోల ప్రదర్శనకు ఆ రాత్రే గడువు. ఆ గోడ మీద తన ఫొటో ఒక్కటి చూసుకోవాలని ఆమెకు ఎన్నాళ్ళుగానో కోరిక. ఇప్పటికి రెండుసార్లు మర్యాదగా తిప్పి పంపారు.

భర్త దామోదర్‌కు ఆ వారం ఆన్‌కాల్, ఆఫీసు ఎప్పుడు పిలిచినా పలకాలి. ఒంటరిగా కొండెక్కొద్దన్నాడు. అందుకని పక్కింటి త్రివేణిని తోడు రమ్మని, ఎవరికీ చెప్పొద్దని మరీమరీ చెప్పింది. త్రివేణి వీధి చివరింటి సుబ్బులు ఒక్కదానికే చెప్పింది. పూలు ఏ రంగని సుబ్బులు అడిగింది. పింక్ అని త్రివేణి చెప్పింది. శుక్రవారం సాయంత్రానికల్లా, విజయశ్రీ కొండ మీద పింక్ పూలలో ఫ్రీగా ఫ్యామిలీ ఫొటోలు తీస్తోందని ఊళ్ళో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపంతా పాకిపోయింది. ఆ గ్రూపును విజయశ్రీ ఎప్పుడో మ్యూట్ చేసింది.

శనివారం పొద్దున కొండ మీద, కాలిబాట పక్కన బండ మీద బోర్లా పడుకుని ఆమె చాలాసేపు కదల్లేదు. త్రివేణి తుమ్మబోతే కళ్ళతోనే ఆపింది. ఎట్టకేలకు రాళ్ళ సందులోంచి ఒక ముక్కు బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే కింది నుంచి "విజయశ్రీగారూ, ఎక్కడున్నారండీ?" అని సుబ్బులు కేక వినిపించింది. ముక్కు లోపలికి పోయింది.

సుబ్బులు కంచిపట్టులో వచ్చింది. ఆమె భర్త చక్రపాణిగారు జరీ కండువా వేసుకున్నారు. వాళ్ళ వెనక అదే గ్రూపులోని రాకేష్, సీమంతం చీరలో అతని భార్య కావ్యశ్రీ.

"నిన్ను ఇబ్బంది పెట్టం తల్లీ. ఫ్యామిలీకి రెండు ఫొటోలు చాలు," అన్నారు చక్రపాణిగారు.

సుబ్బులు పూలలోకి ఒక కాలు పెట్టిందో లేదో ఆ కొండల కాపలా చూసే రేంజర్ వచ్చాడు. బాట దిగకూడదన్నాడు. ఈ కార్యక్రమం ఎవరిదని అడిగితే నాలుగు వేళ్ళు విజయశ్రీ వైపు తిరిగాయి. డబ్బు తీసుకుని తీస్తున్నారా, అలాగైతే పర్మిట్ ఉండాలి అని ఆమెను అడిగాడు. లేదు, అందరూ మావాళ్ళేనని ఆమె పళ్ళ బిగువున చెప్పింది.

తొందరగా పంపించేస్తే మార్మాట్ మళ్ళీ రావచ్చు. చెమటతో తడిసిన బ్యాగు భుజాల నుంచి తీసి వెనక బండ మీద పెట్టి, అందరినీ బాట మీద వరసగా నిలబెట్టింది.

"కెమెరాలోకి చూడండి. నా వెనక్కి కాదు."

"అక్కా, మీ వెనకాల..." అంది కావ్యశ్రీ.

"మాట్లాడితే మూతి వంకరగా పడుతుంది. సుబ్బులుగారూ, ఆ వేలు దించండి."

"దించుతాను గానీ, అది మీ బ్యాగుని..."

"బ్యాగు సంగతి తర్వాత. నవ్వండి, చాలు."

వాళ్ళు నవ్వారు. చక్రపాణిగారికైతే కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. కొండ మీద ఇంత సహజంగా నవ్వే కుటుంబాలను విజయశ్రీ ఎన్నడూ చూడలేదు. ఉత్సాహం వచ్చి రెండింటికి బదులు పన్నెండు తీసింది. త్రివేణి పక్కకు వెళ్ళి ఫోన్ పట్టుకుని నిలబడితే, నువ్వూ వరసలోకి రమ్మని గద్దించింది.

"ఒక్క నిమిషం అక్కా, ఇక్కడ లైటింగ్ బావుంది."

విజయశ్రీ వెనక్కి తిరిగేసరికి బండ మీద బ్యాగు పట్టీ సగం కొరికి ఉంది. రాళ్ళలోకి జారుకుంటున్న లావుపాటి తోక ఒక్కటే కనిపించింది. చెమటలోని ఉప్పంటే వాటికి ప్రాణమని రేంజర్ తీరిగ్గా వివరించాడు.

ఆ రాత్రి ఆమె కెమెరాలో పన్నెండు కుటుంబ చిత్రాలున్నాయి, మార్మాట్ లేదు. అది త్రివేణి తీసిన ఫొటోలో ఉంది. అందులో పూల మధ్య బాట మీద విజయశ్రీ వంగి, చెయ్యెత్తి, ఎవరినో గదమాయిస్తోంది. వెనక బండ మీద మార్మాట్ రెండు కాళ్ళ మీద నిలబడి, నోట్లో పట్టీతో, ఆ గదమాయింపు తనకే అన్నట్టు బుద్ధిగా చూస్తోంది.

"నీ పేరుతో పంపేయక్కా," అంది త్రివేణి.

ఒకరు తీసిన ఫొటో తనదని చెప్పడం విజయశ్రీకి చేతకాదు. ఫొటోలో ఒక పక్కకు ఒరిగిన కొండను మాత్రం సరిచేసి, త్రివేణి పేరుతోనే పంపింది.

ఈసారి మర్యాద వాక్యాలేమీ రాలేదు. విజయశ్రీ లైబ్రరీ గోడెక్కింది. కింది చీటీలో పువ్వు శాస్త్రీయ నామం ఉంది, మార్మాట్ శాస్త్రీయ నామం ఉంది, త్రివేణి పూర్తి పేరుంది. విజయశ్రీని "ఒక సందర్శకురాలు" అన్నారు.