కప్ప పాఠానికి కళ్ళద్దాలు

ఒక పెద్ద అడవిలో ఒక హైస్కూలు ఉండేది. దానికి హెడ్మాస్టరు నక్క, సైన్సు మాస్టారు కొంగ. ఏటా కప్ప పాఠం వచ్చిందంటే ఒక కప్పని బల్ల మీద పెట్టి కోసేవారు. పాఠం అయ్యాక మిగిలిందంతా మాస్టారి మధ్యాహ్న భోజనం.

కప్పలు మొరపెట్టుకోగా మొరపెట్టుకోగా సర్కారు ఏఆర్ కళ్ళద్దాలు పంపింది. అవి పెట్టుకుంటే ఖాళీ బల్ల మీద కప్ప బొమ్మ కనబడుతుంది. దాన్ని తాకితే గుండె బయటికొచ్చి కొట్టుకుంటుంది. ఇక ఎవర్నీ కొయ్యక్కర్లేదు.

నక్క వాటికి కొబ్బరికాయ కొట్టి, దండేసి, ఫొటో దిగి, బీరువాలో పెట్టి తాళం వేసింది.

"పిల్లల చేతికిస్తే పాడైపోవూ? సంజాయిషీ ఎవరిచ్చుకోవాలి?" అంది. నిజమే మరి. వాడకపోతే అడిగేవాడు లేడు, విరిగితే మాత్రం అందరూ అడుగుతారు.

ఇంతలో ఇన్‌స్పెక్టరు ఏనుగుగారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. బీరువా తెరిస్తే అద్దాలకి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఛార్జింగు పెట్టినా అంతే. ఉత్త కళ్ళజోళ్ళయి కూర్చున్నాయి.

నక్క పరుగున మడుగుకి వెళ్ళి గోదురమ్మ అనే కప్పని పట్టుకుంది.

"తల్లీ, నువ్వొచ్చి బల్ల మీద కూర్చో. అద్దాల్లో బొమ్మవనుకుంటారు. అవి పనిచెయ్యవని తెలిస్తే వెనక్కి పట్టుకుపోతారు. అప్పుడు మళ్ళీ మీ వాళ్ళకే కత్తి."

"మరి కొంగ మాస్టారో?"

"ముట్టుకోరు. నాదీ పూచీ."

నక్క పూచీ ఎంతో గోదురమ్మకి తెలుసు. అయినా పిల్లలు గల తల్లి, ఒప్పుకుంది.

ఏనుగుగారు అద్దాలు పెట్టుకుని బల్లకేసి చూశారు. "ఎంత సహజంగా ఉందయ్యా. అచ్చం కప్పే."

"అంతా తమ దయ" అంది నక్క.

"ఏదీ, ఇప్పుడు గుండె చూపించండి."

"చిత్తం" అంటూ కొంగ మాస్టారు ముక్కు ఎత్తారు. ఆయనకి అద్దాలతో ఎప్పుడూ పనిలేదు.

గోదురమ్మ గుండె గుభేలుమంది. ఒక్క గెంతున ఏనుగుగారి నుదుటి మీద పడి, అక్కణ్ణించి కిటికీలోంచి బయటపడి, మడుగు చేరేదాకా వెనక్కి చూడలేదు.

ఏనుగుగారు నుదురు తడుముకున్నారు. "చల్లగా కూడా తగిలిందయ్యా. ఎంత టెక్నాలజీ" అని మురిసిపోయి, అద్దాలు భేషుగ్గా పనిచేస్తున్నాయని రాసి అక్కడికక్కడే సంతకం పెట్టేశారు.

"వచ్చే వారం మంత్రి పులిగారు స్వయంగా వస్తున్నారు. ఆయన కంటికి కప్ప ఆనదు. నక్క పాఠం పెట్టండి. గుండె, కాలేయం, పేగులు, అన్నీ కనబడాలి" అన్నారు.

నక్క ఆయన కాళ్ళ మీద పడింది. "తప్పయిపోయిందయ్యా. అద్దాలు అసలు పనిచెయ్యవు."

"సంతకం పెట్టాక పనిచెయ్యకపోవడమేమిటయ్యా?" అన్నారు ఏనుగుగారు.

"తమరేం కంగారుపడకండి. పాఠం నేను చెబుతాగా" అన్నారు కొంగ మాస్టారు, వినయంగా.

నీతి: బోధన పరికరం పనిచెయ్యకపోయినా ఫరవాలేదు, పాఠం మన గురించి కాకుండా చూసుకుంటే చాలు.