ఉచిత లింకు ప్రారంభోత్సవం

వీడియో చానెల్ పెంచుకునే విద్యను ఇంటర్నెట్ అంతా గాలించి, ఉచితంగా తెచ్చి, పటాన్‌చెరు ప్రజలకు అంకితం చేస్తున్నానని డిజిటల్ యువజన మండలి చైర్మన్ చంద్రకాంత్ గారు ప్రకటించారు. ఆయన ఆఫీసుకు ఎదురుగానే నా జిరాక్స్ షాపు. ఇంతటి త్యాగాన్ని ఇంత దగ్గర నుంచి చూసే భాగ్యం ఎందరికి దక్కుతుంది చెప్పండి!

గాలింపు ఆషామాషీగా జరగలేదు. అధ్యయన బృందం గోవా వెళ్లింది. అక్కడ సిగ్నల్ బాగుంటుందట. వారం తర్వాత నల్లబడిన ముఖాలతో ఆ పాఠాల లింకు ఒకటి పట్టుకొచ్చారు.

ప్రారంభోత్సవం నాడు సెల్‌ఫోన్‌కు రిబ్బన్ కట్టారు. చైర్మన్ గారు రిబ్బన్ కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, లింకు నొక్కారు. హాలంతా చప్పట్లు.

అప్పుడు బ్యూలా లేచింది. ఫ్యాక్టరీల మధ్యనున్న పాశమైలారంలో టీచర్. వాళ్ల బస్తీలో నల్లా తిప్పితే డికాషన్ రంగు నీళ్లొస్తాయి. పిల్లల ఒంటినిండా దద్దుర్లు. పాపం, ఆ నీళ్లనే వీడియోలు తీసి పెడుతోంది గానీ చూసేది వాళ్ల చుట్టాలే.

"సార్, గీ పాఠాలు యూట్యూబ్‌ల ముందుగాలనే ఫ్రీగ ఉన్నయి గద. నేను పోయినేడే చూసిన."

చైర్మన్ గారి చిరునవ్వు చెక్కుచెదరలేదు. "చెల్లె, అప్పుడు ఎవ్వలు ఇయ్యకుండనే ఫ్రీ. ఇప్పుడు మనం ఇచ్చినం. ఫరక్ లేదా?"

ఎందుకు లేదు? మర్నాడు పేపర్లో ఫొటో కూడా పడింది.

"సరే సార్. మా వీడియోలు జెర చూడుండ్రి. పిల్లలకు తాగనీకి నీళ్లు లేవు."

"ఎందుకు చూడం? మనోళ్లందరికీ ట్రెయినింగ్ ఇప్పిస్తున్న. ఇగ ఏ వీడియో వచ్చినా వదలం."

అన్నంత పనీ చేశారు. కార్యకర్తలంతా పనులు మానుకుని పాఠాలు విన్నారు. చైర్మన్ గారైతే నోట్స్ రాసుకున్నారు. ఆ నోట్స్ జిరాక్స్ తీసింది నేనే, గర్వంగా ఉంది.

బ్యూలా కూడా పట్టు వదల్లేదు. పక్కింటి మొగులమ్మ చేతికి గ్లాసిచ్చి, "గీ నీళ్లు నువ్వు తాగుతవా సారూ?" అని కెమెరాలోకి అడిగించింది. అంతే! రెండు రోజుల్లో లక్షల మంది చూశారు.

"చైర్మన్ సార్ ఫోన్ చేసిండన్నా! రేపు బస్తీకి వస్తడట. ఇగ మా కష్టం తీరినట్టే," అని బ్యూలా నా షాపులో నిలబడి కళ్లు తుడుచుకుంది.

తెల్లారి నేనూ వెళ్లాను. మూడు బండ్లు వచ్చాయి. నీళ్లు తెచ్చారనుకుని ఆడవాళ్లంతా బిందెలతో ఉరికొచ్చారు. చైర్మన్ గారు దిగి, నల్లా తిప్పించి, గ్లాసును ఎండకు పట్టి చూశారు. ముఖం గంభీరమైంది.

"అరెరే, ఎంత అన్యాయం చెల్లె," అన్నారు. "ఇంత మంచి రంగు నీ వీడియోల వస్తనే లేదు!"

బండ్లలోంచి లైట్లు దింపారు. స్టాండు దింపారు. మొగులమ్మను గ్లాసుతో మళ్లీ నిలబెట్టారు. చైర్మన్ గారు స్వయంగా ఫోన్ పట్టుకుని, ఒక కన్ను మూసి, జనం వైపు చెయ్యూపారు.

"అమ్మా, గా బిందెలు జెర పక్కకు తియ్యుండ్రి. ఫ్రేముకు అడ్డమొస్తున్నయి."