మూడు వందల ప్యాకేజీల టార్గెట్

ప్రభుత్వ కంప్యూటర్లలో పనికిరాని సరుకు ఒక్కటి కూడా మిగలకూడదని, దాన్ని వెతికి తీసెయ్యడానికి పదిహేను రోజుల ఉద్యమం మొదలుపెడుతున్నామని మంత్రిగారు నంద్యాల సభలో ప్రకటించారు. ఇది 2006 నాటి సంగతి. మంత్రిగారికి కంప్యూటరంటే ఏమిటో తెలియదని కొందరు గిట్టనివాళ్ళు అంటారు. తెలియనిదాన్ని శుభ్రం చెయ్యడానికి ఎంత ధైర్యం కావాలో వాళ్ళకేం తెలుసు? ఆయన అక్కడితో ఆగకుండా ఒక్కో ఆఫీసుకు మూడు వందల ప్యాకేజీలు టార్గెట్ కూడా పెట్టారు. ప్యాకేజీలంటే కంప్యూటర్‌లో వేసుకునే ప్రోగ్రాములని ఆ తర్వాత ఎవరో ఆయన చెవిలో చెప్పారు.

ఆళ్ళగడ్డలో ప్రజా సౌలభ్య కార్యాలయం వరండాలో టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టి బతికేవాణ్ణి నేను. ఆఫీసుకు కంప్యూటర్ వచ్చినప్పటి నుంచి ఈగలు తోలుకుంటున్నాను. కాబట్టి కిటికీలోంచి లోపల జరిగేదంతా చూసే తీరిక నాకు దండిగా ఉండేది.

ప్రత్యేకాధికారి మహేశ్వర్ గారు మంత్రిగారి మాట అందుకున్న మొదటి అధికారి. ఆయన ఏ మాటైనా మొదట అందుకుంటారు, అర్థం తర్వాత చూసుకుంటారు. ఆ రోజు ఆయన కంప్యూటర్ ముందు నిలబడి, ఆపరేటర్ సుప్రజను పిలిచారు.

"ఇందులో పనికిరానివి ఎన్నున్నాయమ్మా?"

"కంప్యూటర్‌ను నడిపించే ఈ లైనక్స్‌నే అడగొచ్చు సార్. ఒక ప్రోగ్రాము వేస్తే దానికి తోడు ఇంకో నాలుగు వస్తాయి. ఆ ప్రోగ్రాము తీసేసినాక ఆ తోడు వచ్చినవి ఊరికే పడుంటాయి. అట్లాంటివి ఏవో అదే చూపిస్తుంది."

మీటలు నొక్కింది. తెర మీద పద్నాలుగు పేర్లు వచ్చాయి.

"పద్నాలుగా? టార్గెట్ మూడు వందలు!"

"ఉండేది అంతే సార్."

"దాని సంగతి దాన్నే అడిగితే నిజం చెబుతుందా? ఏ ఉద్యోగైనా నేను పనికిరానివాణ్ణని రాసిస్తాడా? తనిఖీ మనం చెయ్యాలి, పద్ధతి ప్రకారం."

అప్పుడే పడకండ్ల దానమ్మ వచ్చింది. మొగుడు పోయి నాలుగేళ్ళైన మనిషి. తిరగ్గా తిరగ్గా వితంతు పింఛను మంజూరైంది. ఆర్డరు కాగితం ప్రింటు తీసి, సారు సంతకం పెట్టడమే మిగిలింది. ఈ పదిహేను రోజులు ముగిసేలోగా ఆ కాగితం చేతికి రాకపోతే ఆ ఏటి జాబితా మూసేస్తారు.

"సారూ, నా కాయితం?"

"ఒక్క నిమిషం పని సార్, తీసిచ్చేస్తా," అంది సుప్రజ.

"తనిఖీలో ఉన్న మిషన్ మీద ప్రింటు తియ్యకూడదు. ఆఖరి రోజు రామ్మా," అన్నారు మహేశ్వర్ గారు. అంత ఖచ్చితమైన అధికారిని నేను ఇంతవరకూ చూడలేదు.

తర్వాత ఆయన మెమో తయారు చేయించారు. కంప్యూటర్‌లో ఉన్న ఆరు వందల చిల్లర ప్యాకేజీల పేర్లు వరసగా రాయించి, "వీటిలో మీ సెక్షన్ వాడుతున్నవి ఏవో ధ్రువీకరించగలరు" అని కింద రాసి, అటెండర్ ఓబయ్య చేతికిచ్చి అన్ని సెక్షన్లకూ పంపారు.

ఓబయ్య మొదట పింఛన్ల గుమాస్తా బల్ల దగ్గరికి పోయాడు.

"ఏందప్పా ఇది?"

"ఏమో అన్నా. నీదైతే నీదని రాయమన్యాడు సారు."

"నాదని రాస్తే రేపు దాని పనీ నా నెత్తినే పడతాది. యాడ పెట్టాల సంతకం?"

గుమాస్తా "ఈ సెక్షన్‌కు సంబంధించినది కాదు" అని రాసి సంతకం పెట్టాడు. ఇళ్ళ సెక్షన్ అదే రాసింది. ఎస్టాబ్లిష్‌మెంట్ అదే రాసి పొడి సంతకం చేసింది. ప్రభుత్వ సర్వీసులో పుట్టి పెరిగినవాడెవడూ ఇది నాదేనని రాసివ్వడు. సాయంత్రానికి ఆరు వందల చిల్లరా పనికిరానివని లిఖితపూర్వకంగా రుజువైపోయింది. టార్గెట్‌కు రెట్టింపు!

సుప్రజ కాగితం చూసి బిత్తరపోయింది.

"సార్, ఈ లిబ్‌సి అనేదాన్ని ఎవ్వరూ పేరు పెట్టి వాడరు. మిగతావన్నీ దాని మీదనే నిలబడుకోనుండాయి. ఇది తీస్తే ఏదీ లేయదు."

"ఎవరైనా వాడుతున్నట్టు సంతకం ఉందా?"

"సంతకం లేదు సార్, కానీ..."

"తీసెయ్."

సుప్రజ కాంట్రాక్టు ఉద్యోగి. ఆమె ఉద్యోగం నెలనెలా ఆయన సంతకంతోనే నిలబడేది. మీటలు నొక్కింది. కంప్యూటర్ మొరాయించింది. ఇవి ముఖ్యమైనవి, తీస్తే ప్రమాదం, అయినా తీసెయ్యాలంటే ఈ మాట టైపు చెయ్యండి అని ఇంగ్లీషులో చూపించింది.

"ఏ మాట?"

"యెస్, డూ యాజ్ ఐ సే, అని కొట్టాల సార్. అవును, నేను చెప్పినట్టు చెయ్యి, అని."

మహేశ్వర్ గారి కళ్ళు చెమర్చాయి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో, ఇంట్లో గానీ ఆఫీసులో గానీ, ఆ మాట అనమని ఆయన్ను అడిగినవాళ్ళు లేరు. "జరుగు," అని కుర్చీలో తానే కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటి వేలితో కొట్టారు. అప్పుడు ఆయన ముఖం చూడవలసిందే.

కాసేపటికి తెర నల్లబడింది.

"ఎంత శుభ్రంగా ఉంది!" అన్నారు.

ఆఖరి రోజు దానమ్మ పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చింది. సుప్రజ తలెత్తి చూడలేకపోయింది.

"నీ పేరు లోపలే ఉంది అవ్వా. తెరిచేదానికే ఏమీ లేదు." అధికారి వైపు తిరిగింది. "సార్, సీడీ నా దగ్గరుంది. అరగంటలో మళ్ళీ వేస్తా. ప్రింటు తీసి ఇచ్చేద్దాం."

"పనికిరావని నేనే సర్టిఫికెట్ పంపించాను. మళ్ళీ వేస్తే ఆడిట్‌కు ఎవరు జవాబు చెప్తారు, నువ్వా?"

"మరి ఈ అవ్వ ఆర్డరు?"

"ఈ ఆఫీసులో పెండింగ్ నిల్ అని కూడా పంపించాను. మధ్యాహ్నం మంత్రిగారే వస్తున్నారు. ఈమె ఇట్లా ఎదురుగా నిలబడితే ఆ రిపోర్టు ఏం కావాలి?"

ఆయన కిటికీలోంచి వరండాలో ఉన్న నా వైపు చూశారు. కంప్యూటర్ పోయాక ఆఫీసు టైపింగంతా మళ్ళీ నాకే వస్తోంది. నన్ను లోపలికి పిలిచి, కుర్చీ వేయించి, మూడు కాపీలు కార్బన్ పెట్టి కొట్టమన్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టాను:

"పడకండ్ల గ్రామస్థురాలు దానమ్మ అను నేను స్వచ్ఛందంగా తెలియజేయునదేమనగా, ఈ కార్యాలయమందు నాకు రావలసినది గాని, నేను కోరునది గాని ఏమియు లేదు."

నాకు సిగ్గేసింది. అయినా ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టాను.

"ఏం రాసినావు నాయనా?" అని దానమ్మ నన్నడిగింది. నేను కార్బన్ కాగితాలు విడదీస్తూ కూర్చున్నాను.

"నీ పని అయిపోయిందని," అన్నారు మహేశ్వర్ గారు. "ఈడ వేలు పెట్టమ్మా."

మధ్యాహ్నం మంత్రిగారు వచ్చి నల్లటి తెరను చూసి ముచ్చటపడ్డారు. జిల్లాలో ఏ కంప్యూటర్లోనూ ఇంత ఖాళీ జాగా లేదని మెచ్చుకుని, మహేశ్వర్ గారికి శాలువా కప్పి, మిగతా ఆఫీసులన్నీ ఆళ్ళగడ్డను చూసి నేర్చుకోవాలని ఆదేశించారు.

అంతకు ముందే దానమ్మ మూడు కాగితాల మీదా వేలిముద్ర వేసింది. మూడో కాపీ పద్ధతి ప్రకారం ఆమెకే ఇచ్చారు. దాన్ని కళ్ళకద్దుకుని, నాలుగు మడతలు పెట్టి, కొంగున ముడేసుకుంది.

"ఎన్ని తూర్లు తిరిగినానో. ఈ పొద్దుటికి చేతికొచ్చింది," అని నా తల మీద చెయ్యి పెట్టింది. "నీ కడుపు చల్లగుండ నాయనా," అని దీవించి బస్సుకు పోయింది.