పసుపు అంటని కోటు

లోకనాథ్ ఆ ఉదయం వేసుకున్న లెక్క చిన్నదే. కాకినాడ రేవు పక్కనున్న చంద్రరావుగారి రొయ్యల షెడ్డుకు వెళ్ళాలి, కొత్త రంగు అద్దిన పనివాళ్ళ కోట్లు చూపాలి, ఆర్డరు పట్టుకుని రావాలి. రెండేళ్ళు తంటాలు పడి తయారుచేసిన రసాయన రంగు అది. అద్దిన బట్టకు నీరు, నూనె, మరక ఏదీ అంటదు. ఆర్డరు రాకపోతే మాత్రం తన అద్దకం పనికి తాళం వేసుకోవడమే. పైగా ప్లాస్టిక్ కోట్లు పట్టుకుని సూరత్ ఏజెంటు అప్పటికే చంద్రరావు ఆఫీసులో కూర్చున్నాడు.

లోకనాథ్ గబగబా ఒక కోటు మీద రొయ్యల నీళ్ళు కుమ్మరించాడు. చుక్క నిలవలేదు. చంద్రరావు తలూపాడు. రొయ్యలు ఒలిచే మరిడమ్మ ముందుకొచ్చింది.

"కొత్త బట్ట కదండీ, పసుపెట్టి తొడుక్కుంటాను."

తడి పసుపు కోటు అంచుకు రాసింది. జారింది. మళ్ళీ రాసింది. ఉండకట్టి నేల మీద పడింది.

"ఇదేంటండీ, పసుపు నిలవట్లేదు?"

"అదే కదమ్మా దీని గొప్ప! జన్మలో అంటదు!" అన్నాడు లోకనాథ్ ఉత్సాహంగా.

చుట్టూ రొయ్యలు ఒలుస్తున్న ఆడవాళ్ళందరూ వెనక్కి జరిగారు.

"పసుపంటని బట్ట తొడుక్కోమంటారా? మా ఆయన సముద్రం మీద వేటకెళ్ళాడండి బాబూ!" అంది ఒకామె.

"ఏజెంటుని పిలవమంటారా లోకనాథ్ గారూ?" అన్నాడు చంద్రరావు.

లోకనాథ్ ఒక్క పరుగున నేల కడిగే సోడా తెచ్చి, రంగు వదిలేదాకా కోటు మూల రుద్దాడు.

"ఇప్పుడు రాయమ్మా."

పసుపు అంటింది. అంటీ అంటగానే ఎర్రబడింది.

"కుంకుమైపోయింది! అమ్మోరు తల్లీ!" మరిడమ్మ చేతులు జోడించింది.

"అది సోడా అమ్మా! సోడా తగిలితే పసుపు ఎర్రబడుద్ది!"

"ఊరుకోండి, కళ్ళు పోతాయి."

"పోనీ తొడుక్కోండి మరి!"

"అమ్మోరొచ్చిన బట్టతో రొయ్య తలకాయలు తియ్యమంటారేంటండీ?"

కోటు గోడ మీది అమ్మవారి పటం పక్కకు చేరింది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. పనివాళ్ళ కోట్ల ఆర్డరు సూరత్ ఏజెంటుకు పోయింది. మూట కట్టుకుంటున్న లోకనాథ్‌ను జాతర కమిటీ పెద్ద కూడా అయిన చంద్రరావే ఆపాడు.

"అమ్మవారికి చీరలు, గుడికి తెరలు కావాలండి. ఏటా మీరే ఇవ్వాలి. మూల ఇలాగే ఎర్రబడాలి."

"అది సోడా అండి, నిజంగా! గొప్పంతా నా రంగుది. దీపం నూనె కూడా అంటదు."

"రంగు మీ ఇష్టమండి. ఆ మూల సంగతి మాత్రం మర్చిపోకండి."

తిరిగొస్తూ లోకనాథ్ కిరాణా కొట్టు దగ్గర స్కూటర్ ఆపి, బస్తా సోడా బేరమాడకుండా కొన్నాడు.