పాత బేస్ గిటార్ కొనండి, బాగుపడండి

మనశ్శాంతి కావాలా? యోగా క్లాసులకు పోకండి. ఒక సెకండ్ హ్యాండ్ బేస్ గిటార్ కొనండి!

నేను తొంభై ఏడులో బెంగళూరు మడివాళలో కొన్నాను. మూతపడిన ఒక ఆర్కెస్ట్రా వాళ్లు అమ్ముకుంటుంటే తెచ్చుకున్నాను. మామూలు గిటారుకు ఆరు తీగలు, దీనికి నాలుగే. తెగడానికి కూడా రెండు తక్కువ! పైగా స్పీకరుకు తగిలిస్తే తప్ప దీని గొంతు గది దాటదు. ఇంట్లో నాకు స్పీకరు లేదు. మా ఓనరమ్మ కెంపమ్మ మిక్సీ వేస్తే తిడుతుంది, కుక్కర్ కూత పెడితే తిడుతుంది. దీన్ని మాత్రం ఒక్క మాట అనలేదు. ఇంతకంటే మర్యాదైన వాయిద్యం ఉందా?

పెళ్లిళ్లలో ఎవరూ మిమ్మల్ని వాయించమని పీడించరు. పీడించినా, మీరు వాయించింది ఏ పాటో తెలియదు గనక రెండోసారి అడగరు. గాయకుడు శ్రుతి తప్పితే వీధంతా నవ్వుతుంది. మనం తప్పితే? దేవుడికి కూడా డౌటే.

ఆయుధపూజ నాడు మా ఆవిడ ప్రేమకుమారి స్కూటరు, కత్తిపీట, కుట్టుమిషను పక్కన గిటారునూ నిలబెట్టింది. పసుపు కుంకుమలు పెట్టింది. స్పీకరు వైరు గుచ్చే బెజ్జం ఖాళీగా కనబడితే అందులో ఒక చామంతి పువ్వు గుచ్చింది. పువ్వు రాలిపోయింది, కాడ లోపలే ఉండిపోయింది. ఇంట్లో వైరుతో పని లేదు గనక నాకు తెలియలేదు.

నవంబరులో కన్నడ రాజ్యోత్సవానికి మా వీధిలో నేను వాయించే ఆర్కెస్ట్రా కచేరీ. పెద్ద పెద్ద స్పీకర్లు. మా ఆవిడ మొదటిసారి ముందు వరసలో కూర్చుంది, పట్టుచీర కట్టుకుని మరీ. నేను వాయిస్తే ఎలా ఉంటుందో ఆమె ఒక్కసారి వినాలని నా ఆశ.

కాడ అడ్డుపడి వైరు సగమే దిగింది. మొదటి పాటకే తెలిసిపోయింది, నా గిటారు మూగబోయిందని. ఇక పాట కూలిపోతుందని భయపడ్డాను. ఏదీ? కూలనే లేదు! జనం ఈలలు వేశారు, వన్స్ మోర్ అన్నారు. కార్యక్రమం అయ్యేదాకా ఉత్త తీగలు గోకుతూ నిలబడ్డాను.

దిగుతుంటే మా ఆర్కెస్ట్రా పెద్ద దేవదానం భుజం తట్టాడు.

"ఈపొద్దు శానా బాగుండాదప్పా. ఇంగమీద ఇట్లే వాయించు."

ఇంటికెళ్తూ ప్రేమకుమారిని అడిగాను, ఎలా ఉందని.

"పాటలన్నీ బాగుండాయి. మీ వంతు ఎప్పుడొచ్చె? నేను చూడకనే పోతి."

కాబట్టి బేస్ గిటార్ కొనండి. నాదే ఇస్తాను, కవరుతో సహా. వాయించడం ఆపేస్తే ఒక్కరైనా తల తిప్పి చూసే వాయిద్యం ఏదైనా ఉంటే, దయచేసి నాకు చెప్పండి.