ఆకుపచ్చ నీళ్ల పరీక్ష

ఆ రోజు రసమట్టం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా బడి స్థలానికి వెళ్లడం, రెండు బకెట్ల రంగునీళ్లు నేలమీద పోయడం, అవి ఎటు పోతాయో చూసి నివేదిక మీద సంతకం పెట్టడమో మానడమో చేయడం, పదకొండింటికి మున్సిపల్ సమావేశంలో అందించి ఇంటికొచ్చి భోంచేయడం.

రసమట్టం అనేది ఆవిడ పేరు కాదు. గోడ వంకరగా ఉందో సరిగ్గా ఉందో చూసుకోవడానికి మేస్త్రీలు వాడే, గాజుగొట్టంలో బుడగ కదిలే పరికరం అది. ఆవిడ చేతిసంచిలో కళ్లజోడుకి తోడుగా అదెప్పుడూ ఉంటుంది కాబట్టి పట్టణం ఆ పేరు పెట్టింది. ఊళ్లో ఏ కొత్త కట్టడం లేవాలన్నా, దాని వాననీరు ఎటు పోతుందో పరిశీలించి సరేననాల్సింది ఈ ఇంజినీరమ్మే. కాగితం మీద బాణం గీసి "నీరు ఇటు పోవును" అని రాస్తే ఆవిడ నమ్మదు. "బాణం గీసింది నువ్వు. నీళ్లు దాన్ని చదివాయా?" అంటుంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఆవిడ సరేనన్న కట్టడంలో ఎక్కడా చాప తడిసిన దాఖలా లేదు. ఇలాంటి మనిషి ఊరికి ఒకరుండడం అదృష్టం. ఇద్దరుంటే మాత్రం ఊళ్లో ఒక్క గోడా లేవదు.

రంగు కలిపిపెట్టేది ఆవిడ భర్త, రిటైరైన సైన్సు మాస్టారు. గొట్టాల్లో లీకులు కనిపెట్టడానికి వాడే ఆకుపచ్చ పొడి అది. మనిషికీ చేపకీ హాని చేయదు.

"ఒక్క చెంచాడే సుమండీ!" అని గదిలోంచి కేకేసింది.

"నీళ్ల సంగతి నీకు తెలుసు, రంగు సంగతి నాకొదిలెయ్," అన్నాడు వంటింట్లోంచి మాస్టారు.

కిందటిసారి చెంచాడే కలిపాడు. రంగు పల్చనై ఆనవాలు దొరక్క ఆవిడ రెండు గంటలు ఎండలో కాలవ పక్కన గొంతుక్కూర్చుని, తలనొప్పితో ఇంటికొచ్చి రెండ్రోజులు లేవలేదు. అది ఆయన మనసులో ఉండిపోయింది. చెంచా పక్కన పెట్టి డబ్బా మొత్తం క్యానులో బోర్లించి, మూత బిగించి, పైన తుడిచి మరీ ఇచ్చాడు. లోకంలో అందరి లెక్కలూ రెండుసార్లు సరిచూసే ఆవిడ, మొగుడు కలిపినదాన్ని మాత్రం ఏనాడూ మూత తీసి చూడలేదు. దాన్ని నమ్మకం అంటారో అజాగ్రత్త అంటారో గానీ, తర్వాత జరిగినదంతా ఆ క్యానులోంచే వచ్చింది.

స్థలం దగ్గర ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఒకరు బడి పెద్ద టీచరు. పక్కనే ఉన్న రేకుల షెడ్డులో నూటనలభై మంది పిల్లలకి పాఠాలు చెప్పిస్తోంది. వానొస్తే ఆ షెడ్డులో సగం తరగతి గొడుగుల కింద, సగం తరగతి బల్లల కింద. ఆరేళ్లు తిరిగి తిరిగి ఈ ఎకరం స్థలం మీద కొత్త బడి ప్రతిపాదన తెప్పించుకుంది. ఆ రోజు సమావేశంలో తీర్మానం కాకపోతే స్థలం బస్సుల షెడ్డుకి పోతుంది.

రెండోవాడు నమూనా గీసిన ఇంజినీరు. అతను రసమట్టానికి స్వయానా మరిది. మరిది పనిని తాను పరిశీలించడం బాగుండదని ఆవిడ పైవాళ్లకి రాస్తే, "ఊళ్లో ఇంకో పరిశీలకులుంటే మీరే చెప్పండి" అని జవాబొచ్చింది. దాంతో చుట్టరికానికి పరిహారంగా ఆవిడ రెట్టింపు కఠినంగా ఉంటుంది. అతను పని సవ్యంగా నడుస్తున్నంతసేపూ మేడమ్ అంటాడు, ఇరుకున పడగానే వదినా అంటాడు.

"వాననీరంతా తూర్పు వీధి కాలవలోకి పోతుంది మేడమ్. నీరు పల్లమెరుగు అన్నారు కదా," అన్నాడు కాగితం పరుస్తూ.

"నీరు ఎరుగు. నువ్వెరుగుదువా అన్నదే నా ప్రశ్న." ఆవిడ స్థలం మధ్యలో ఉన్న చిన్న గుంట దగ్గర ఆగింది. "వానాకాలంలో ఇక్కడ నీళ్లు నిలుస్తాయా టీచర్‌గారూ?"

"చుక్క కూడా నిలవదండీ. ఎంత వానొచ్చినా ఇట్టే మాయం. మా అదృష్టం!"

"నీళ్లకి అదృష్టం ఉండదమ్మా. దారి ఉంటుంది."

నమూనాలో ఒకటో తరగతి గదులు సరిగ్గా ఆ గుంట మీదే ఉన్నాయి. ఆవిడ రసమట్టం తీసి నేలమీద పెట్టింది. బుడగ ఎటో జరిగింది, ఆవిడ కనుబొమలూ జరిగాయి. క్యాను మూత తీయించి రెండు బకెట్లలో కలిపి పోయించింది. గుంట మింగేసింది. మిగతా క్యానూ పోయించింది. అదీ మింగేసింది. షెడ్డు పక్కన డ్రమ్ములో ఉన్న నీళ్లూ కుమ్మరించారు. గుంట గుటక వేసినట్టు ఒక చప్పుడు చేసి ఊరుకుంది.

"చూశారా మేడమ్, నేల పీల్చుకుంది," అన్నాడు మరిది.

"నేల పీల్చుకుంటే చప్పుడు కాదు," అని ఆవిడ తూర్పు వీధి కాలవ దగ్గరికి వెళ్లి గడియారం చూస్తూ నిలబడింది. ముప్పావుగంట గడిచినా కాలవలోకి ఒక్క పచ్చచుక్క రాలేదు.

రాదు కూడా. ఆ సమయానికి నాలుగు వీధుల దిగువన, మున్సిపల్ ఆఫీసు ముందున్న కొలనులో అది హాయిగా ఈదుతోంది. ఆ కొలను మధ్యలో ఒక ఫౌంటెన్. ఫౌంటెన్ పక్కన కొత్త తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకుని, ఛైర్మన్ ఫొటో తీయించుకుంటున్నాడు. "కొంచెం నవ్వండి సార్" అని ఫొటోగ్రాఫరు అనడం, ఫౌంటెన్ ఆకుపచ్చగా లేవడం, గాలి ఇటు తిరగడం ఒకేసారి జరిగాయి. ఫొటో మటుకు చాలా బాగా వచ్చింది.

"విషం!" అని ఎవరో అరిచారు. ఆ మాట పది నిమిషాల్లో ఊరు చుట్టి, ఎవరో కొలనులో విషం కలిపారని, నీళ్ల ట్యాంకులోనూ కలిపారని పెద్దదై తిరిగొచ్చింది. జనం కుళాయిలు కట్టేసుకున్నారు. విషం నదిలోకి పోకుండా ఛైర్మన్ కొలను తూము మూయించి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, ఫైరింజన్లకి ఫోన్ చేయించి, బట్టలు మార్చుకోవడానికి ఇంటికి పరుగెత్తాడు. అనాలంటే మనం చాలా అనొచ్చు గానీ, ఆ కంగారులోనూ నది గురించి ఆలోచించాడు చూడండి, దానికి మెచ్చుకోవాలి.

బడి స్థలం దగ్గర మరిది ఫోన్ మోగింది. విని వాడిపోయాడు.

"వదినా... ఆఫీసు ముందు కొలను పచ్చగా అయిపోయిందట. ఛైర్మన్‌గారు కూడా."

ఇంకొకరైతే కాళ్లూ చేతులూ ఆడక కూలబడేవారు. రసమట్టం మొహం వెలిగిపోయింది. "అయితే కింద పాత కాలవ ఉందన్నమాట! ఇక్కణ్ణించి కొలనుదాకా! ఏ కాగితాల్లోనూ లేదు. ఎవరు కట్టారో మహానుభావుడు, ఇన్నాళ్లకి కూడా ఎక్కడా పూడలేదు!" అని చేతులు జోడించినంత పని చేసింది. తర్వాత ఇంటికి ఫోన్ చేసింది. "ఎంత కలిపారు?"

"డబ్బా అంతా," అన్నాడు మాస్టారు. "మళ్లీ ఎండలో కూర్చుంటావని."

ఆవిడకి కోపం రాబోయి, మాట తడబడి, "సరే, భోంచేసెయ్యండి, ఆలస్యమవుతుంది" అని పెట్టేసింది.

అంతలో మూడు ఫైరింజన్లు గంటలు కొట్టుకుంటూ వచ్చి నిలిచాయి. ఎవరో ఆడమనిషి గుంటలో పచ్చనీళ్లు పోస్తుండగా చూశానని ఎదురింటి దర్జీ చెప్పాడట. అధికారి దిగాడు.

"మీరేనా పోసింది?"

"నేనే. ఉత్త రంగు. హాని లేదు."

"హాని ఉందో లేదో నాకనవసరమండీ. ఏది ఒలికినా నీళ్లు కొట్టి కడగాలి, మా రూలు." పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అన్నట్టు, ఆయనకి లోకంలోని సమస్త కష్టాలకీ నీళ్లే మందు.

మరిది అడ్డుపడబోయాడు. రసమట్టం అతన్ని చేత్తో ఆపింది. ఆవిడ కళ్లలో ఒక ఆశ మెరిసింది. "మీ బండికి ఎన్ని నీళ్లు పడతాయి?"

"ఐదువేల లీటర్లు."

"మూడూ ఒకేసారి కొట్టగలరా? దయచేసి నేను 'ఊఁ' అన్నాక మొదలెట్టండి."

తన జన్మలో ఇంత మర్యాదగా సహకరించిన నేరస్థురాలిని చూడని అధికారి మూడు గొట్టాలూ గుంటలో పెట్టించాడు. ఆవిడ గడియారం చూసుకుని ఊఁ అంది. పదిహేనువేల లీటర్లు ఏడు నిమిషాల్లో లోపలికి పోయాయి. గుంట నిండలేదు, వెనక్కి తన్నలేదు. ఆవిడ సంతోషంగా అంకెలు రాసుకుంది. కొలను తూము మూసేశారన్న సంగతి మాత్రం ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మున్సిపల్ సమావేశపు హాలు కొలనుకి ఆనుకుని, రోడ్డుకి రెండు మెట్లు దిగువన ఉంటుంది. సభ్యులు పదకొండు మందీ అప్పుడే కూర్చున్నారు. ఛైర్మన్ బూడిదరంగు చొక్కాలో, ఇంకా పచ్చగానే ఉన్న చెవులతో వచ్చి, "మొదటి అంశం, బడి..." అనబోతుండగా గుమ్మంలోంచి పచ్చటి నీళ్లు, ఎవరి అనుమతీ అడక్కుండా, లోపలికి వచ్చాయి. రసమట్టం, మరిది, పెద్ద టీచరు హాలు చేరేసరికి సభ్యులంతా కుర్చీలెక్కి నిలబడి ఉన్నారు. దస్త్రాలు నెత్తిన పెట్టుకున్నవాళ్లు కొందరు, ప్యాంట్లు మడుచుకున్నవాళ్లు కొందరు.

"తూము తెరవండి ముందు!" అంది ఆవిడ గుమ్మంలోనే.

"తాళంచెవి నా తెల్ల ప్యాంటు జేబులో ఉంది," అన్నాడు ఛైర్మన్ తన కుర్చీ మీంచి. "ప్యాంటు లాండ్రీకి వెళ్లింది. మనిషిని పంపించాను. అసలు ఇదంతా ఎవరి పని?"

"నాదే."

పెద్ద టీచరు గోడకి చేరబడింది.

"మీరా! ఆ బడి కోసమా ఇదంతా? అయితే బడీ వద్దు, గిడీ వద్దు. బస్సుల షెడ్డే కడదాం. ఏమంటారు?"

సభ్యుల్లో కొందరు తలలూపారు. పెద్ద టీచరు కళ్లు నిండిపోయాయి. "పిల్లలేం చేశారండీ..." అంది గానీ మాట పూర్తికాలేదు.

"నేను కూడా ఈ నమూనా ఒప్పుకోవట్లేదు," అంది రసమట్టం.

"వదినా!" అన్నాడు మరిది.

"ఆగు. స్థలం కింద పాత ఇటుకల కాలవ ఉంది. నువ్వు ఒకటో తరగతి గదులు సరిగ్గా దాని నెత్తిన గీశావు. ఆ బరువుకి అది కూలితే నీళ్లు ఎక్కడికి లేస్తాయి? ఆరేళ్ల పిల్లల కాళ్ల కిందికి. పైగా ఇది నేను కాగితంలో చూసి చెప్పేది కాదు. ఇంత గోల జరక్కపోతే నాకూ తెలిసేది కాదు." ఆవిడ నీళ్లలోనే నడుచుకుంటూ ఛైర్మన్ కుర్చీ దగ్గరికి వెళ్లి, సంచిలోంచి స్కేలు తీసి కుర్చీకాలుకి ఆనించి చూసింది. "పది సెంటీమీటర్లు. ఇది మూడు ఫైరింజన్ల నీళ్లు."

"అయితే?"

"బస్సుల షెడ్డంటే ఎకరమంతా కాంక్రీటు. ఒక్క చుక్క ఇంకదు. గట్టి వాన గంటసేపు కురిస్తే నలభై ఫైరింజన్ల నీళ్లు. అన్నీ ఆ కాలవలోంచి ఈ కొలనులోకే. తూము తీసి ఉంచినా అది అంత లాగలేదు."

ఛైర్మన్ కిందికి చూశాడు. నలభైని మూడుతో భాగించడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు.

"మరి... బడి అయితే?"

రసమట్టం మరిదివైపు చూసింది. అతను ఖాళీగా ఉన్న కుర్చీ మీద నమూనా పరిచి, ఎర్ర పెన్సిలు తీశాడు. చెయ్యి తిరిగిన పనివాడే, ఒప్పుకోవాలి. "గదులు ఇరవై అడుగులు పడమటికి జరుపుతాను. కాలవ పొడుగునా ఆటస్థలం వదిలేస్తాను. పైన బరువుండదు, సగం నీళ్లు నేలే తాగేస్తుంది. కాలవ మూతికి జాలీ పెడదాం, ఏడాదికోసారి శుభ్రం చేయచ్చు," అంటూ గీత గీత దిద్దాడు. ఆవిడ వంగి ప్రతి గీతా చూసింది, ఒకచోట వేలు పెట్టి మార్పించింది, తర్వాత అక్కడే, చీలమండల లోతు పచ్చనీళ్లలో నిలబడి సంతకం పెట్టింది.

"ఇలా కడితే ఈ గుమ్మం తొక్కవు నీళ్లు. నాది పూచీ," అంది.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ మాట ఆవిడ నోట విన్నవాళ్లే అంతా. ఒక్కరూ ఎదురు ప్రశ్న వేయలేదు. పదకొండు చేతులూ ఒక్కసారి లేచాయి. బస్సుల షెడ్డు మొదట ప్రతిపాదించిన సభ్యుడైతే పట్టు తప్పుతున్నా రెండు చేతులూ ఎత్తాడు. పెద్ద టీచరు ఏడుస్తూ, నవ్వుతూ రసమట్టాన్ని గట్టిగా వాటేసుకుంది. నిజంగా ఆ క్షణాన ఆ హాల్లో ఉన్న ఎవరికైనా ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించి ఉంటుంది. కుర్చీలు ఊగుతున్నాయి కాబట్టి పెట్టలేకపోయారు.

తర్వాత తాళంచెవి వచ్చింది, తూము తెరిచారు, నీళ్లు తమ దారిన తాము పోయాయి.

ఆనాటి మినిట్స్ పుస్తకంలో గుమాస్తా ఈ సంగతంతా ఒక్క వాక్యంలో రాశాడు: "బడి ప్రతిపాదనను సభ్యులందరూ లేచి నిలబడి ఏకగ్రీవంగా ఆమోదించారు."