అన్నిటికన్నా వేగంగా జవాబిచ్చిన ఫైలు

ఒక పాలనా వ్యవస్థ పరిపూర్ణతకు చేరుకుందనడానికి గుర్తు ఒక్కటే: అందులో పని ఆగిపోయినప్పుడు తప్పు ఎవరిదీ కాకుండా ఉండాలి. ఆ లెక్కన పరాగ్వే దేశం మొత్తంలో మా ఇతాకువా పట్టణపు మందుల శాఖను మించింది లేదు. ఊరి మీద అభిమానంతో ఈ మాట అనడం లేదు. ఆ శాఖ వరండాలో బెంచీ అరిగేలా కూర్చున్న అనుభవంతో అంటున్నాను.

మా శాఖలో రోగుల పేర్లు, మందుల నిల్వలు అన్నీ ఒక చిన్న డేటాబేసులో ఉంటాయి. చిన్నదంటే నిజంగానే చిన్నది, ఒకే ఒక్క ఫైలు. దానికి వేరే గది అక్కర్లేదు, పెద్ద యంత్రాలు అక్కర్లేదు. నియమం మాత్రం ఒకటుంది. ఎంతమందైనా ఒకేసారి చదవొచ్చు గానీ, రాసేవాడు ఒక్కడే ఉండాలి. వాడు రాత మొదలుపెట్టి ముగించేదాకా మిగతావాళ్ళు ఆగాలి. దీన్ని పెట్టడానికి రాజధాని అసున్సియోన్ నుంచి వచ్చిన ఇంజనీరు రికెల్మే ఈ సంగతి బితుకుబితుకుమంటూ చెబితే, మా డైరెక్టరు దోన్ అనస్తాసియో ఫ్రేతెస్ పకపకా నవ్వారు.

"ఇంతేనా? ఇది మాకు ఉగ్గుపాలతో అబ్బిన విద్యయ్యా!"

నిజమే. మేం మా ఆకు పానీయం తెరెరే తాగే పద్ధతి అచ్చం ఇదే. ఐసు నీళ్ళు పోసిన ఆకు, అందరికీ కలిపి ఒకే గ్వాంపా (ఎద్దు కొమ్ముతో చేసిన గ్లాసు), ఒకే గొట్టం. ఒకరు తాగి ఇస్తేనే మళ్ళీ నింపి ఇంకొకరికి. గ్వాంపా పట్టుకుని కబుర్లలో పడ్డవాణ్ణి "అది మైకు కాదు నాయనా, తాగివ్వు" అని ఎగతాళి చేయొచ్చు. అంతకుమించి ఎవరికీ హక్కు లేదు. పెద్దవాళ్ళనైతే అదీ అనకూడదు.

వెంటనే సర్క్యులర్ వెలువడింది. "డేటాబేసులో రాత తెరెరే వరుసలో జరగవలెను. గ్వాంపా ఎవరి చేతిలో నుండునో వారే రాయవలెను. మొదటి వంతు హోదాను అనుసరించి డైరెక్టరుకు చెందును." (అసలు మొదటి గ్వాంపా సెయింట్ థామస్ తాగుతాడని మా నమ్మకం. ఆయనకు పాస్‌వర్డ్ ఇచ్చే విషయం పరిశీలనలో ఉంది.)

మొన్న మంగళవారం మా పక్కింటి నిమియా ఒవెలార్ ఐసు నింపిన ఫ్లాస్కు చంకన పెట్టుకుని వచ్చింది. ఆమె భర్త క్రీస్పులోకి చక్కెర జబ్బు. ఇంట్లో ఇన్సులిన్ ముందురోజే అయిపోయింది. కౌంటర్‌లో లిదూవినా ఉంది. నిమియా కూతురికి జ్ఞానస్నాన తల్లి ఆవిడే కాబట్టి, ఇద్దరూ ఒకరికొకరు కొమాద్రేలు.

"పేరు కొట్టాను కొమాద్రే, వెతుకుతోంది," అంది లిదూవినా.

"వెతకడమెందుకే? నీ వెనక ఫ్రిజ్‌లోనే ఉందిగా, ఆ నీలం మూతది! చెయ్యి చాపితే అందుతుంది."

"అందుతుందే తల్లీ. కానీ ఇచ్చినట్టు ముందు రాయాలి. రాయకుండా ఇస్తే నన్ను ఇంటికి పంపించేస్తారు."

"రాయి మరి!"

"గ్వాంపా నా దగ్గర లేదే."

గ్వాంపా డైరెక్టరు గారి దగ్గర ఉంది. ఆయన పొద్దున్నే ఫైలు తెరిచి, అత్తగారి చిరునామా మార్చడం మొదలుపెట్టి, అది ముగించకుండానే గ్వాంపాతో సహా ఎవరో పెద్దమనిషి తోటలో మాంసం కాల్చే విందుకు వెళ్ళిపోయారు. ఫైలు ఆయన పేరు మీద బిగుసుకుని కూర్చుంది.

రాయడం సంగతి అలా ఉంటే, వెతకడం ఇంకో తంతు. ఇంటిపేరును బట్టి సూటిగా మనిషి దగ్గరికి వెళ్ళే సూచిక అందులో లేదు. అందుకని ఎవరిని అడిగినా మొదటి మనిషి నుంచి చివరి మనిషి దాకా అందర్నీ ఒకసారి చూసి గానీ జవాబివ్వదు. మా ఊళ్ళో మర్యాదస్తులు వీధిలో నడిచేటప్పుడు ప్రతి వరండా ముందూ ఆగి పలకరించినట్టన్నమాట.

లిదూవినా రాజధానికి ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పెట్టింది.

"రెండు నిమిషాల పనండీ," అన్నాడు రికెల్మే. "ఆ తెరిచి ఉన్న రాతని ముగించండి. తర్వాత ఇంటిపేరు మీద సూచిక కట్టండి."

"సూచిక కట్టడమంటే అదీ రాతేనా?"

"రాతే."

"అయితే గ్వాంపా కావాలండీ."

"గ్వాంపా ఏమిటండీ బాబూ! మీ డైరెక్టరు కంప్యూటర్ ఆపేసి మళ్ళీ వెయ్యండి."

లిదూవినా గొంతు సవరించుకుంది. "ఇంజనీరు గారూ, మీ నాన్నగారు తాగుతుంటే నోట్లోంచి గొట్టం లాగేస్తారా మీరు?"

అతను ఫోన్ పెట్టేశాడు. (నాన్నగారు గుర్తొచ్చి ఉంటారు.)

తర్వాత డైరెక్టరు గారికి ఫోన్ చేశారు. వంతు పూర్తి కాగానే ఇస్తానని ఆయన మాంసం నములుతూ సెలవిచ్చారు. ఆ మాటతో నిమియాకు ఒళ్ళు మండింది. ఫోన్ లాక్కుని, "దోన్ అనస్తాసియో, అది మైకు కాదు, తాగివ్వండి! ఇంట్లో మా ఆయన కళ్ళు తేలేస్తున్నాడు!" అని అరిచింది.

దాంతో డైరెక్టరు గారు, విందు పాటల మధ్య నుంచే, ప్రజల ఆవేదనను తీవ్రంగా పరిగణిస్తూ, వేగవర్ధన సంఘాన్ని నియమించారు. ఉప డైరెక్టరు అమరీయా దానికి అధ్యక్షుడు. బెంచీ మీద ఉన్న పాపానికి నన్ను ప్రజల తరఫు పరిశీలకుణ్ణి చేశారు. పరిశీలించడం తప్ప నాకు వేరే అధికారం లేదు.

సంఘం పావుగంటలో మార్గం కనిపెట్టింది. డైరెక్టరు గారి ఫైలును ముట్టుకోకుండా, దానికి నకళ్ళు తీసి తలా ఒకటి పంచారు. ఎవరి నకలులో వాళ్ళు రాసుకోవచ్చు. (ఎవరి గ్వాంపా వాళ్ళు తాగడమంటే మా దగ్గర సిగ్గులేనితనం. అత్యవసర పరిస్థితి గనుక సడలించారు.) మధ్యాహ్నానికల్లా ఒక నకలులో క్రీస్పులో మందు కోసం ఎదురుచూస్తున్నాడు. రెండోదాంట్లో తీసుకుని వెళ్ళిపోయాడు. మూడోదాంట్లో చనిపోయాడు.

"బతికే ఉన్నాడండీ! దాహం దాహం అంటూ మంచం మీద కొట్టుకుంటున్నాడు!" అంది నిమియా.

"ఆవేశపడకండి దోన్యా," అన్నాడు అమరీయా. "ప్రస్తుతానికి ఇది అభిప్రాయభేదం."

ఏ ఫైలు నిజమో తేలాలి. సంఘం పేరే వేగవర్ధన సంఘం కాబట్టి, ఏది ముందు జవాబిస్తే అదే నిజమని తీర్మానించారు. ఇన్సులిన్ అవసరమైనవాళ్ళు ఎంతమందని అన్ని ఫైళ్ళనూ ఒకేసారి అడిగారు. నకళ్ళన్నీ వరండాలు పలకరించుకుంటూ బయలుదేరాయి. గెలిచింది మాత్రం ఎవరూ ఊహించని ఫైలు. ఇంజనీరు మొదట్లో నమూనాగా ఇచ్చి వెళ్ళినది, గళ్ళు గీసి మనుషుల్ని ఇంకా ఎక్కించనిది. అది కన్ను మూసి తెరిచేలోగా చెప్పింది: సున్నా.

చప్పట్లు కొట్టారు. నేను చూశాను, నిజంగానే కొట్టారు. నా కడుపుమంట రాసుకోవడానికి పరిశీలకుడి నివేదికలో చోటు లేదు.

ఆ విధంగా ఇతాకువాలో చక్కెర జబ్బు సమసిపోయింది. రోగులు లేనిచోట మందు మిగులు కింద లెక్క. మిగులును రాజధానికి తిప్పి పంపాలన్నది పాత నియమం. లిదూవినా కళ్ళు తుడుచుకుంటూ ఇన్సులిన్‌ను ఐసు పెట్టెలో సర్ది సీలు వేసింది.

"నా చేతులు పడిపోను కొమాద్రే, నన్ను తిట్టవే," అంది.

నిమియా తిట్టలేదు. ఇంటికి పరుగెత్తి, భర్తను లేపి, రాజధాని ఆసుపత్రికి బస్సెక్కించింది. ఎక్కించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. ముందు సీట్లో చల్లటి గాలి తగులుతుందని అక్కడ కూర్చోబెట్టాం. అతని తల ఆమె భుజం మీద వాలిపోయి ఉంది.

అంతలో డ్రైవరు ఐసు పెట్టె పట్టుకుని వచ్చాడు. మంచివాడే, మర్యాదగానే మాట్లాడాడు.

"కాస్త వెనక్కి సర్దుకోండమ్మా. ఇది ముందు పెట్టాలి. వేడి తగిలితే మందు పాడవుతుందట."

ఆ సాయంత్రమే రాజధాని నుంచి మా శాఖకు రసీదు వచ్చింది, మందు చల్లగా, క్షేమంగా చేరినదని. క్రీస్పులో గురించి ఏమీ రాలేదు. మనుషులకు రసీదు ఇచ్చే పద్ధతి మా దేశంలో లేదు.